జింక వేట: మంచె మీదే ఉండాలా, దిగి తిరగాలా? (నిన్న పదకొండింటికి దిగి తప్పు చేశానేమో)

కొత్తమంచె | ఆదివారం, ఉదయం 9:20

అందరికీ నమస్కారం. ఇది నాకు మూడో సీజను. మొదటి రెండింట్లో ఒక్క జింకా దక్కలేదు, కాబట్టి నన్ను కొత్తవాడి కిందే జమ కట్టండి.

నిన్నటి సంగతి చెప్తాను. వైట్‌టెయిల్ (ఉత్తర అమెరికాలో ఉండే తెల్లతోక) జింకలు తిరిగే అడవి. చిన్న లోయ, అడుగున వాగు, రెండు వైపులా ఓక్ చెట్ల వాలు. నా మంచె వాలు అడుగున, వాగుకు దగ్గర్లో ఉంది. చీకటి ఉండగానే ఎక్కాను. రాత్రి పలచగా మంచు పడింది. గిట్ట పడితే కింద ఆకు కనిపించేంత పలచన. పదకొండు దాకా కూర్చున్నాను. ఉడుతలు తప్ప ఏమీ రాలేదు. కాళ్ళు మొద్దుబారాయి, బుర్ర అంతకన్నా మొద్దుబారింది. అవి రాకపోతే నేనే పోతాను అనుకుని దిగి వాలు ఎక్కడం మొదలుపెట్టాను. రెండు వందల మీటర్లు కూడా పోలేదు, పైన పొదల్లోంచి ఒకటి గట్టిగా చీది లేచింది. తోక ఎత్తి నాలుగు గెంతులు వేసిందంతే, మాయం. కొమ్ములున్నాయో లేదో కూడా చూసుకోలేకపోయాను.

తరువాత గట్టు మీద ఊరికే తిరిగి మూడున్నరకు మంచె దగ్గరికి వచ్చాను. అసలు బాధ ఇక్కడే. పొద్దున నేను దిగి వెళ్ళిన బూటు గుర్తుల మీద గిట్టల గుర్తులు! మంచెకు ఇరవై అడుగుల దూరం కూడా లేదు. గిట్ట పెద్దది.

రాత్రంతా అదే ఆలోచన. దిగకుండా ఉంటే కొట్టేవాడినే కదా? అసలు ఎప్పుడు కూర్చోవాలి, ఎప్పుడు కదలాలి? మీరంతా దేన్ని బట్టి తేల్చుకుంటారు?

చెట్టుమీదకొంగ | ఆదివారం, ఉదయం 9:52

తమ్ముడూ, నా పేరు చూశావుగా. నా జవాబు అదే. కొంగ వాగులో ఒంటికాలి మీద నిలబడి ఏం చేస్తుందో అదే చెయ్యి.

జింక కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ ఇంచుమించు 300 డిగ్రీలు తల తిప్పకుండానే చూస్తుంది. చూపులో స్పష్టత మనకన్నా తక్కువే, కానీ కదలికను పట్టడంలో దాన్ని మించింది లేదు. అది కదులుతూ నువ్వు కదలకుండా ఉంటే నీది పైచేయి. నువ్వు కదులుతూ అది పడుకుని ఉంటే దానిది. నువ్వు పదకొండింటికి దిగి ఆ పైచేయిని దానికి ఇచ్చి వచ్చావు. ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు.

ఇంకోటి. ఇది నవంబరు మధ్య. జత కట్టే రోజులు. ఈ రోజుల్లో మగది ఆడవాటి కోసం పగలంతా తిరుగుతుంది. పొద్దున, సాయంత్రం మాత్రమే కూర్చుంటే చాలు అనే లెక్క అక్టోబరుకు సరిపోతుంది, ఇప్పుడు కాదు. నేను డైరీ రాస్తాను. మధ్యాహ్నం కొట్టినవి అందులో తక్కువే, కానీ పెద్ద కొమ్ములవన్నీ ఆ తక్కువలోనే ఉన్నాయి.

తిరిగేకాలు | ఆదివారం, ఉదయం 10:15

కొంగగారు వచ్చేశారు, ఇక అందరం చెట్లెక్కాల్సిందే :)

తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు. రెండూ నాకున్నాయి కాబట్టి రెండో పక్షం నేను చెప్తాను. కొత్తమంచె గారూ, మీ తప్పు దిగడం కాదు. మీరు నడిచారు. అదీ తప్పు. అరగంటలో రెండు వందల మీటర్లు ఎక్కి ఉంటారు, అవునా? స్టిల్ హంటింగ్‌లో అదే దూరానికి నాకు గంటన్నర పడుతుంది. పేరులో "స్టిల్" ఎందుకుందో చాలామందికి అర్థం కాదు. కదిలే వేటకు ఆ పేరేమిటని నవ్వుతారు. అందులో ఎక్కువ సేపు నిలబడే ఉంటాం మరి. రెండు మూడు అడుగులు వేస్తాం, ఆగుతాం. ఆగిన చోట రెండు నిమిషాలో ఐదు నిమిషాలో చూస్తాం. ఆగడం కూడా చెట్టు మానును ఆనుకునే, ఖాళీలో కాదు. తరువాతి రెండడుగులు ఎక్కడ వేయాలో ఆగినప్పుడే చూసి పెట్టుకుంటాం, అడుగు వేసేటప్పుడు కిందికి చూడకుండా.

ఇంకొకటి, మనిషి నడక చప్పుడులో ఒక తాళం ఉంటుంది. టక్ టక్ టక్ అని ఒకే వరసన. అడవిలో ఆ తాళంతో నడిచేది మనిషి ఒక్కడే. జింక నాలుగడుగులు వేసి ఆగుతుంది, ఒక ఆకు కొరుకుతుంది, మళ్ళీ ఒక్క అడుగు. ఎప్పుడైనా కొమ్మ విరిగితే అక్కడే చాలాసేపు ఆగిపోండి. ఒక్క చప్పుడుకు జింక తల ఎత్తుతుంది, రెండోది వినపడకపోతే మళ్ళీ దించుతుంది.

చూసేటప్పుడు జింక మొత్తం కోసం చూడకండి. అడవిలో గీతలన్నీ నిలువుగా ఉంటాయి. అడ్డంగా కనిపించే గీత ఏదైనా ఉంటే అది పడిపోయిన మానైనా కావాలి, జింక వీపైనా కావాలి. చెవి ఆడుతుంది, ముక్కు తడిగా మెరుస్తుంది, కొమ్ము కొస కనిపిస్తుంది. దగ్గరి పొదల్లోకి కూడా బైనాక్యులర్‌తోనే చూడండి. దూరం కోసం కాదు, కొమ్మల మధ్య సందుల్లోకి చూపు పోవడానికి.

గాలివాటం | ఆదివారం, ఉదయం 11:03

ఇద్దరూ కాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. ముక్కు గురించి ఎవరూ అనడం లేదు.

కొత్తమంచె గారూ, మీరు రాసిన దాంట్లో ఒక మాట నన్ను పట్టుకుంది: "గట్టిగా చీది లేచింది." చీదిందంటే ఎక్కువసార్లు వాసన పట్టినట్టే. చూసి మాత్రమే అనుమానపడితే చాలాసార్లు కాలు నేలకేసి కొడుతుంది, మెడ సాచి తల ఆడిస్తుంది, తేల్చుకోవడానికి ప్రయత్నిస్తుంది. మీది అవేమీ చేయలేదు. మీరు దానికి కనిపించకముందే మీ వాసన దాన్ని చేరింది.

ఎందుకో చెప్తాను. ఎండ పడ్డాక వాలు మీద నేల వేడెక్కి, గాలి పైకి పాకుతుంది. సాయంత్రం చల్లబడ్డాక అదే గాలి బరువెక్కి కిందికి జారి వాగు వెంట పారుతుంది. మీరు పదకొండింటికి కింది నుంచి పైకి ఎక్కారు. మీ వాసన మీకన్నా ముందు ఎక్కింది. వైట్‌టెయిల్ పగలు పడుకోవడానికి కొండ వాలులో పై మూడో వంతును, అదీ గాలి చాటు వైపును ఇష్టపడుతుంది. వెనక గట్టు మీదుగా వచ్చే గాలి అవతలి వాసన తెస్తుంది, కింది నుంచి పాకే గాలి లోయ వాసన తెస్తుంది, కళ్ళకు కింద వాలంతా కనిపిస్తుంది. మీరు సరిగ్గా ఆ ఇంటి గుమ్మంలోకి కింది నుంచి, ముందే కబురు పంపి మరీ వెళ్ళారు.

అదే మీరు పొద్దున్నే గట్టు మీదికి చుట్టు తిరిగి చేరి, పై నుంచి కిందికి దిగుతూ వచ్చి ఉంటే కథ వేరు. కాబట్టి కదలాలా వద్దా అని అడిగేకన్నా, కదిలితే నా వాసన ఎటు పోతుంది అని అడగండి. దానికి జవాబు తెలియకపోతే కదలకండి.

కొత్తమంచె | ఆదివారం, ఉదయం 11:30

గాలివాటం గారూ, చదువుతుంటే చెమట పట్టింది. గాలి చూడటానికి నా దగ్గర పొడి డబ్బా ఉంది. మంచె ఎక్కేటప్పుడు ఒకసారి నొక్కాను. దిగేటప్పుడు నొక్కలేదు.

గాలివాటం | ఆదివారం, ఉదయం 11:41

పొడి మూడు గజాలు పోయి కనపడకుండా పోతుంది. మిల్క్‌వీడ్ పింజలు వాడండి. మన జిల్లేడు కుటుంబమే అది, కాయ పగిలితే లోపల అదే పట్టులాంటి దూది. ఒక్క పింజ వదిలితే అరవై డెబ్బై మీటర్లు తేలుతూ పోవడం కళ్ళారా చూడొచ్చు. మీ దగ్గర ఎడమకు పోయిన గాలి నలభై మీటర్ల తరువాత వెనక్కి తిరగడం చూస్తే, ఇన్నేళ్ళూ ఎందుకు ఏమీ రాలేదో కొన్నిసార్లు అక్కడికక్కడే తెలిసిపోతుంది.

నిర్వాహకుడు | ఆదివారం, మధ్యాహ్నం 12:10

చిన్న గమనిక. నిన్న ఒకరు వేరే థ్రెడ్‌లో మన ఊళ్ళ వైపు వేట గురించి అడిగారు, అది తీసేశాను. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం. ఇక్కడి చర్చ లైసెన్సూ ట్యాగూ (ఒక్కో జింకకు ఇచ్చే అనుమతి చీటీ) ఉన్న చోట్ల, సీజనులో జరిగే వేట గురించి మాత్రమే. కొనసాగించండి.

వేగుచుక్క | ఆదివారం, మధ్యాహ్నం 1:25

గిట్టల గుర్తుల గురించి అడగాలి. అవి మీ బూటు గుర్తుల మీద పడ్డాయన్నారు. అంచులు పదునుగా ఉన్నాయా, కరిగి గుండ్రబడ్డాయా? ఏ వైపు నుంచి వచ్చాయి? అడుగుకూ అడుగుకూ మధ్య దూరం ఎంత? పక్కన ఇంకో చిన్న జాడ ఉందా?

కొత్తమంచె | ఆదివారం, మధ్యాహ్నం 2:02

ఫోటోలు తీశాను, ఇప్పుడు మళ్ళీ చూశాను. అంచులు కరిగాయి, కింద తడి ఆకు కనిపిస్తోంది. వాగు కింది వైపు నుంచి పైకి వచ్చింది. అడుగులు మామూలు నడకలా ఉన్నాయి, పరుగు కాదు. నా గుర్తుల దగ్గర ఒక్క క్షణం ఆగినట్టుంది, ముందు గిట్టలు రెండూ పక్కపక్కన ఉన్నాయి. వేరే జాడ లేదు.

వేగుచుక్క | ఆదివారం, మధ్యాహ్నం 2:40

అయితే నాకు తోచింది ఇది. ఎండ బాగా ఉన్న వేళకు ముందే ఆ గుర్తు పడి, తరువాత కరిగింది. అంటే మీరు దిగిన గంటన్నర లోపే అనుకోవచ్చు. పరుగు కాదు కాబట్టి మీరు పైన లేపింది చుట్టు తిరిగి రాలేదు, ఇది వేరే జింక. ఒంటరిగా, వాగు వెంట, మధ్యాహ్నం నడుస్తోందంటే ఆడదాని వాసన వెతుక్కుంటున్న మగది అయ్యుండొచ్చు. కొంగగారి మాటే నిజమైంది అన్నమాట, ఆయన మురిసిపోతారేమో.

కానీ పూర్తిగా ఆయన పక్షం కాదు నేను. ఒక్క మంచెకే అతుక్కుపోవడం కూడా జబ్బే. అదే చెట్టు, అదే దారి, వారంలో నాలుగు రోజులు. మీరు వచ్చీ పోయే దారిలో మీ వాసన మిగులుతుంది. జింకలకు అది పాఠం. రెండు మూడు సార్లయ్యాక అవి మీ చెట్టుకు వంద మీటర్ల అవతలి నుంచి నడుస్తాయి, మీరేమో "ఈ ఏడు జింకలే లేవు" అంటూ ఇంటికొస్తారు. మంచె మార్చాలి. అయితే కూర్చున్న మధ్యలో కాదు. ఒకే దారిలో రెండుసార్లు జింక అందనంత దూరం నుంచి పోవడం చూశారనుకోండి, మధ్యాహ్నం గాలి చూసుకుని అరవై మీటర్లు అటు జరపండి. నా ఆఖరి మూడు జింకలు అలా జరిపిన రోజే దొరికాయి. మొదటిసారి కూర్చున్న చోటుకు ఉన్న బలం పదోసారి కూర్చున్న చోటుకు ఉండదు.

ఉడుతసాక్షి | ఆదివారం, మధ్యాహ్నం 3:15

మా వైపు ఈసారి చలి ఇంకా పడలేదు కాబట్టి రట్ (జత కట్టే కాలం) ఆలస్యమవుతుందని మా బృందంలో అందరూ అంటున్నారు. అప్పుడు పగలంతా కూర్చోవడం దండగ కదా?

వేగుచుక్క | ఆదివారం, మధ్యాహ్నం 3:31

జత కట్టే కాలాన్ని నడిపించేది చలి కాదండీ, పగటి వెలుగు తగ్గడం. కడుపు దాదాపు 200 రోజులు మోస్తుంది. ఉత్తరాది చలి ప్రాంతాల్లో పిల్లలు మే నెలాఖరు, జూన్‌లో పుడితేనే బతికి బట్టకడతాయి. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేస్తే నవంబరు మధ్య వస్తుంది, ఏటా అదే. వెచ్చగా ఉంటే అవి పగలు తక్కువ తిరుగుతాయి, రాత్రి ఎక్కువ. మనకు కనిపించవు కాబట్టి "ఆలస్యమైంది" అంటాం.

పగలు కూర్చోవడం విసుగు పుట్టించే రోజులు మాత్రం వేరే ఉన్నాయి. మగది ఎదకొచ్చిన ఆడదాన్ని పట్టుకుని ఒకటి రెండు రోజులు ఏ పొదలోనో అక్కడే ఉండిపోతుంది. అలాంటి జంటలు చాలా ఉన్న వారంలో అడవి చచ్చినట్టుంటుంది. నాకు మంచె దిగాలనిపించేది ఆ వారంలోనే.

తిరిగేకాలు | ఆదివారం, సాయంత్రం 4:05

ఆ వారం నాది! అవి దారుల మీదికి రావు, పొదల్లోకి మనమే పోవాలి. అయితే నేల సహకరించాలి. వాన పడి ఆకులు తడిసిన మర్నాడు, లేదా కొత్తగా మెత్తటి మంచు పడ్డప్పుడు, లేదా గాలి కొమ్మల్ని ఊపుతూ నా చప్పుడును మింగేస్తున్నప్పుడు. ఎండిన ఓక్ ఆకుల మీద గాలి లేని రోజున నేను కూడా చెట్టెక్కుతాను, అప్పడాల మీద నడిచినట్టుంటుంది. పైన పొరకట్టి గట్టిపడ్డ మంచు అంతకన్నా దరిద్రం.

గంటకు ముప్పై కిలోమీటర్ల గాలిలో కొంగగారు చెట్టు మీద ఊగుతూ ఏం చూస్తారో నాకు తెలియదు గానీ, అలాంటి రోజు జింకలు గాలి చాటున పడుకుని ఉంటాయి. వాటి దగ్గరికి గాలికి ఎదురుగా పాకుతూ పోవడానికి అంతకన్నా మంచి రోజు లేదు.

చెట్టుమీదకొంగ | ఆదివారం, సాయంత్రం 4:20

గాలి రోజున నేను దిగుతాను, ఒప్పుకుంటున్నా. అయితే చాటు వైపు నేల మీద కూర్చోవడానికి దిగుతాను. తిరగడానికి కాదు.

గట్టుమీదచూపు | ఆదివారం, సాయంత్రం 5:48

వేరే దేశపు అనుభవం. నేను స్కాట్లండ్ కొండల్లో ఎర్ర జింకల వేటకు వెళ్తుంటాను. అక్కడ మీ వాదనే పుట్టదు. చెట్లే లేని కొండలు. కిలోమీటరున్నర దూరం నుంచి మంద కనిపిస్తుంది. పొద్దున ఒక గంట టెలిస్కోపుతో కొండంతా గాలిస్తాం, అప్పటిదాకా కదలం. జింక ఎక్కడుందో తెలిశాక గాలి చూసుకుని, కొండ మడతల చాటున, వాగు గండ్లలో పడి పాకుతాం. మంద తల ఎత్తితే బురదలో పడుకునే ఆగుతాం. తడిసి ముద్దవుతాం, అది వేరే సంగతి.

అదే కింద అడవిలో రో జింకల (చిన్న జాతి) కోసమైతే హైసీట్, అంటే ఎత్తు మంచె, ఎక్కి కూర్చుంటాం. మనిషి అదే, తుపాకీ అదే. మారింది చూపు ఆనే దూరం ఒక్కటే. జింక మనల్ని చూసేలోపు మనం దాన్ని చూడగలిగే నేలలో కదలొచ్చు. చూపు యాభై మీటర్లకు ఆగిపోయే చోట కూర్చోవడమే. కొత్తమంచె గారు చెప్పిన వాలులో పొదలున్నాయంటున్నారు, ఎంత దూరం కనిపిస్తుంది?

కొత్తమంచె | ఆదివారం, సాయంత్రం 6:10

నలభై మీటర్లు, మహా అయితే.

నారింజచొక్కా | ఆదివారం, రాత్రి 7:30

జింకల గురించి అందరూ చెప్పారు, మనుషుల గురించి నేను చెప్తాను.

తుపాకీ సీజనులో, పదిమంది తిరిగే అడవిలో మీరు కదిలారంటే వేరేవాళ్ళ గురి ముందు నడుస్తున్నారని గుర్తు పెట్టుకోండి. నారింజ చొక్కా, టోపీ కచ్చితంగా వేసుకోవాలి. "జింక చూసేస్తుంది" అనే భయం వద్దు, వాటికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు, నారింజ ఒక మసక రంగులా కనిపిస్తుంది. నీలం మాత్రం వాటికి మనకన్నా బాగా తెలుస్తుంది. చాలామంది చొక్కా విప్పేసి నీలం జీన్స్ వేసుకుని తిరుగుతారు, ఏమనాలి వాళ్ళని!

రెండోది, మంచె నుంచి పడే ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఎక్కుతూ దిగుతూ ఉన్నప్పుడే. ఊరికే విసుగు పుట్టి రోజుకు రెండుసార్లు దిగి ఎక్కితే ప్రమాదాన్ని రెట్టింపు చేసుకున్నట్టే. కాళ్ళు మొద్దుబారాయని రాశారు. మొద్దుబారిన కాళ్ళతో నిచ్చెన దిగడం చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఒంటికి కట్టుకునే హార్నెస్ ఉండాలి, నేల వదిలినప్పటి నుంచి మళ్ళీ నేల మీద కాలు పెట్టేదాకా అది తాడుకు తగిలించే ఉండాలి. తుపాకీ ఖాళీ చేసి తాడుతో దించాలి, భుజాన వేసుకుని కాదు. దిగేముందు పది నిమిషాలు కూర్చునే కాళ్ళు ఆడించండి.

చెట్టుమీదకొంగ | ఆదివారం, రాత్రి 7:55

నారింజ తమ్ముడు చెప్పింది బంగారం. దానికి తోడు, పగలంతా కూర్చోవడం మనోబలం అనుకుంటారు గానీ అందులో సగం బట్టల సంగతి. మంచె దాకా పలచటి బట్టలతో నెమ్మదిగా నడువు. చెమట పట్టకూడదు. మందపాటి కోటు సంచిలో మోసుకెళ్ళి, చెట్టెక్కాక పది నిమిషాలు ఆగి తొడుక్కో. చెమట పట్టిన ఒంటితో ఎక్కితే తొమ్మిదింటికే వణుకు మొదలవుతుంది, తరువాత మనసు చెప్పే ప్రతి కారణమూ దిగడానికే. కింద మందపాటి స్పాంజి వేసుకో. బూట్లు బిగుతుగా ఉంటే రెండో జత మేజోళ్ళు చలిని పెంచుతాయి, తగ్గించవు. తిండి చప్పుడు లేని కవర్లో ఉండాలి. ఒక వెడల్పు మూతి సీసా కూడా, ఎందుకో చెప్పను.

రక్తపుజాడ | ఆదివారం, రాత్రి 9:14

మీరంతా కాల్చకముందు సంగతే మాట్లాడుతున్నారు. ఈ ప్రశ్న నిజంగా ప్రాణం తీసేది కాల్చిన తరువాత.

నాలుగేళ్ళ కిందట, సాయంత్రం చివరి వెలుగులో ఒక మగదాన్ని కొట్టాను. అది వీపు గూనుగా వంచుకుని నెమ్మదిగా పొదల్లోకి నడిచిపోయింది. అలా గూను పెట్టి నడిస్తే కడుపులో తగిలిందని నాకు తెలుసు. తెలిసీ పావుగంటకే దిగాను. రాత్రి పడుతోందని టెన్షన్. నూరు మీటర్లలో పడుకుని ఉన్నదాన్ని లేపాను. ఇంకో రెండు వందలు పోయి మళ్ళీ లేపాను. ఆ తరువాత రక్తం చుక్క కూడా లేదు. మర్నాడంతా వెతికాను, దొరకలేదు. ఇది రాయడానికి నాకేమీ సంబరంగా లేదు.

ఊపిరితిత్తుల్లో తగిలితే రక్తం లేత ఎరుపులో నురగగా ఉంటుంది. చాలావరకు కూతవేటు దూరంలోనే పడిపోతుంది, అయినా అరగంట ఆగండి. ముదురు ఎరుపు రక్తమైతే కాలేయం, నాలుగు నుంచి ఆరు గంటలు. పచ్చటి పసరు, దుర్వాసన ఉంటే కడుపు, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. వదిలేస్తే అది దగ్గర్లోనే పడుకుని అక్కడే పోతుంది. తరిమితే ఎంత దూరమైనా పోతుంది. వాన ముంచుకొస్తుంటే ఈ లెక్క మార్చుకోవాల్సి వస్తుంది, అదొక్కటే మినహాయింపు నాకు తెలిసి. కాల్చిన చోటా, ఆఖరిసారి కనిపించిన చోటా చెట్టు గుర్తు పెట్టుకుని చేతులు కట్టుకుని కూర్చోండి.

తిరిగేకాలు | ఆదివారం, రాత్రి 9:40

దీనికి నేను కూడా ఎదురు చెప్పను. నేను ఎంత తిరిగినా కాల్చాక అక్కడే కూలబడతాను.

ఉడుతసాక్షి | సోమవారం, ఉదయం 7:50

మేము ఆరుగురం కలిసి మధ్యాహ్నం పూట తోలుడు వేట చేస్తాం. నలుగురు కాపు కాస్తారు, ఇద్దరు పొదల్లోంచి తోలుతారు. కూర్చోవడం, కదలడం రెండూ అయిపోతాయి కదా. కొత్తమంచె గారికి అది చెప్పరేం?

నారింజచొక్కా | సోమవారం, ఉదయం 8:20

ఎందుకంటే అది మూడో సీజను మనిషికి చెప్పేది కాదు. ఎవరెక్కడ నిలబడ్డారో అందరికీ తెలియాలి, తోలేవాళ్ళ వైపు గురి పెట్టకూడదు, పరుగెత్తే జింక మీద తొందరపడి కాల్చకూడదు. బాగా తెలిసినవాళ్ళతో, ముందే మాట్లాడుకుని మాత్రమే. కొన్ని చోట్ల నియమాలు కూడా ఒప్పుకోవు, చూసుకోవాలి.

వేగుచుక్క | సోమవారం, ఉదయం 8:45

కొత్తమంచె గారూ, ఒక్క చిన్న పని చెప్తాను. ఈసారి దిగాలనిపించినప్పుడు జేబులో కాగితం తీసి ఎందుకు దిగుతున్నానో ఒక్క ముక్క రాయండి. "గాలి తిరిగింది", "అటు వైపు రెండుసార్లు జింక పోయింది" లాంటిది రాయగలిగితే దిగండి. "చలి", "విసుగు", "అక్కడ బాగుంటుందేమో" అని రాస్తే కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకోండి. నేను మొదటి రెండేళ్ళు ఇలాగే చేశాను. "అక్కడ బాగుంటుందేమో" అన్న చీటీలు ఎన్ని పోగయ్యాయో చెప్పుకోను.

కొత్తమంచె | తరువాతి ఆదివారం, ఉదయం 8:30

నిన్నటి కబురు తెచ్చాను.

అదే మంచె, చీకట్లోనే. పదింటికి చీటీ తీశాను. "కాలి వేళ్ళు" అని రాసి మడిచి పెట్టాను. పదకొండింటికి మళ్ళీ తీసి "ఉడుతలు" అని రాశాను. మిల్క్‌వీడ్ పింజ వదిలితే మెల్లగా వాలు మీదికి ఎక్కింది, గాలివాటం గారు చెప్పినట్టే. చూస్తూ ఉండిపోయాను, విసుగు కాస్త తగ్గింది.

పన్నెండూ పదికి వాగు అవతల, నూటయాభై మీటర్లలో కొమ్ములు! నేల వాసన చూసుకుంటూ కొమ్మల వెనకే నడిచింది. ఒక్క చోట కూడా ఖాళీ దొరకలేదు, కాల్చలేదు. గుండె చప్పుడు దానికి వినపడుతుందేమో అనిపించింది. అటే పోయింది. అంతే.

ఒంటి గంట దాటాక గాలి తిరిగింది. పింజ సరిగ్గా ఆ మగది నడిచిన దారి మీదికే పోతోంది. చీటీ మీద "గాలి" అని రాశాను. మొదటిసారి అబద్ధం కాని కారణం. కాళ్ళు ఆడించి, తుపాకీ ఖాళీ చేసి తాడుతో దించి, దిగాను. వాగు కింది వైపుకు ఎనభై మీటర్లు. దానికి గంట పట్టింది, తిరిగేకాలు గారు నమ్మాలి. సాయంత్రం గాలి కిందికి జారుతుంది కదా, నేను కిందే ఉంటే వాసన నా వెనక్కి పోతుందని ఒక పెద్ద మానుకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాను.

నాలుగూ ఐదుకు రెండు ఆడవి వచ్చాయి. నా దగ్గర ఆడదాని ట్యాగ్ ఉంది. అరవై మీటర్లలో పెద్దది పక్కకు తిరిగి నిలబడింది. కాల్చాను. ఎగిరి పొదల్లోకి పరుగెత్తింది. కాసేపటికి కొమ్మలు విరిగిన చప్పుడు, తరువాత ఏమీ లేదు. వెళ్ళి చూద్దామని లేవబోయి రక్తపుజాడ గారి పోస్టు గుర్తొచ్చి కూర్చున్నాను. వాచీ చేతిలో పట్టుకుని. రోజంతా కూర్చున్నదంతా ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. పొదల అంచున లేత ఎరుపు నురగ, అక్కడి నుంచి యాభై మీటర్లలో పడి ఉంది. మూడేళ్ళలో నా మొదటి జింక.

అరగంట ఆగాను అని రాద్దామనుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే ఇరవై రెండు నిమిషాలు.

తిరిగేకాలు | తరువాతి ఆదివారం, ఉదయం 8:41

ఎనభై మీటర్లకు గంటా? శిష్యా!!

చెట్టుమీదకొంగ | తరువాతి ఆదివారం, ఉదయం 8:44

పన్నెండూ పదికి కొమ్ములు కనిపించింది చెట్టు మీదున్నప్పుడే అని అందరూ గమనించగలరు. అభినందనలు తమ్ముడూ.

రక్తపుజాడ | తరువాతి ఆదివారం, ఉదయం 9:02

సంతోషం. కానీ ఇరవై రెండు నిమిషాలు అరగంట కాదు.